మూడో పిస్టన్

ఆ ఎండాకాలం మా షెడ్డులో ఒక అట్టముక్క మీద ఒక అంకె తప్పు పడింది. రాసింది నా భార్య. రాయించింది నేను. ఈ రెండో మాట బయటపడడానికి డెబ్బై రోజులు పట్టింది. అదీ నా అంతట నేను చెప్పలేదు.

మా ఇల్లూ షెడ్డూ ఒకటే. వంటింటి వెనక తలుపు తీస్తే నాలుగు మెట్లు, మెట్ల కింద నా లేత్. అన్నయ్య ఇంజన్లు విప్పి బిగిస్తాడు, నేను లేత్ మీద లోహం కోస్తాను. వదిన పోయినప్పటి నుంచి ఆయన భోజనం మాతోనే. వారమంతా ఊళ్ళోవాళ్ళ కార్లు, ఆదివారం ఆయన సొంత కారు. ఊరి బయట ట్రాక్ మీద ఏటా వేసవిలో నాలుగు పోటీలు జరుగుతాయి. యాభై దాటినవాణ్ణి అక్కడ స్టీరింగ్ పట్టుకోనివ్వరు. ఆ ఏడాది చివర్లో అన్నయ్యకి యాభై నిండబోతోంది.

"ఇరవై ఏళ్ళుగా గుంపులో గోవిందా అంటూ తిరుగుతున్నాను. ఒక్కసారైనా ముందు వెళ్ళేవాడి వీపు కాకుండా ఖాళీ రోడ్డు చూడాలిరా" అన్నాడు అన్నం కలుపుకుంటూ. "ఈసారి టర్బో పెడదాం."

"అంటే ఏంటి బావగారూ?" అంది నా భార్య.

"ఇంజన్ తనంతట తాను పీల్చే గాలి చాలదని, టర్బో ఇంకాస్త గాలి బలవంతంగా కుక్కుతుంది. కుక్కితే బలం. కానీ మన ఇంజన్ పీల్చిన గాలిని పదో వంతుకి నొక్కేస్తుంది. కుక్కినదాన్ని కూడా అంతే నొక్కామనుకో, ప్లగ్గు నిప్పు పెట్టకముందే దానంతట అదే పేలుతుంది. లోపల సుత్తితో కొట్టినట్టు ఉంటుంది."

"అయితే నొక్కుడు తగ్గించాలి. లోపల చోటు పెంచాలి."

"చూశావురా! కాంపౌండరమ్మకి సగం చెబితే చాలు."

ఆమె నాన్న మందుల షాపులో కాంపౌండరు. చుక్క ఎక్కువైతే మందు విషమవుతుందని ఆయన చిన్నప్పుడే కూతురికి కొలవడం నేర్పాడు. గీతలున్న సన్నటి గాజు గొట్టం, కింద చిన్న కుళాయి ఉంటుంది, అదొకటి ఆమె పుట్టింటి నుంచి వెంట తెచ్చుకుంది. మా షెడ్డులో ఏది కొలవాలన్నా ఆ గొట్టంతో ఆమే కొలవాలి. అందుకే అన్నయ్య ఆమెని పేరు పెట్టి పిలిచేవాడు కాదు. కాంపౌండరమ్మా అనేవాడు. ఆ పిలుపు వినపడగానే ఆమె చెయ్యి కడుక్కుని మెట్లు దిగేది.

పక్క షెడ్డులో కార్లకి రంగులేసే పెయింటరు ఒక ఉపాయం చెప్పాడు. "ఇంజన్ తల కింద మందంగా ఒక గాస్కెట్ రేకు వేసి పైకి లేపెయ్ గురూ. చోటు దానంతటదే పెరుగుతుంది. పూటలో పని."

"అది పొట్టివాడి చెప్పుల కింద ఇటుకలు కట్టడం లాంటిది" అన్నాడు అన్నయ్య. "నడుస్తాడు, కానీ ఎంతదూరం? గాలిని నొక్కే పిస్టన్ నెత్తి మీదే గిన్నెలాగా గుంట తీయాలి. మా తమ్ముడు తీస్తాడు."

నాలుగు పిస్టన్లు. ఒక్కో గిన్నెలో సరిగ్గా పద్నాలుగు సీసీల నీళ్ళు పట్టాలి. అప్పుడు పదో వంతు నొక్కేది ఎనిమిదో వంతుకి దగ్గరగా వస్తుంది. గిన్నె అడుగున మాత్రం అయిదు మిల్లీమీటర్లకు తగ్గకుండా లోహం మిగలాలి. అంతకన్నా పల్చబడితే మంట తట్టుకోలేదు. ఈ రెండు మాటలూ అన్నయ్య సుద్దముక్కతో గోడ మీద రాశాడు.

నేను కోశాను. ముప్ఫై ఏళ్ళుగా నాకొక అలవాటు. పనిముట్టు లోహాన్ని తాకే ప్రతిసారీ లోపల దేవుడి పేరు ఒకసారి అనుకుంటాను. పనీ అవుతుంది, జపమూ అవుతుంది. దీని గురించి నాకు కాస్త గర్వం కూడా ఉండేది. భక్తికి గర్వం పనికిరాదని తెలిసీ ఉండేది.

మొదటిది, రెండోది, నాలుగోది కొలత సరిపోయాయి. ఆమె పిస్టన్ అంచు చుట్టూ గ్రీజు రాసి, మధ్యలో చిల్లు ఉన్న గాజుపలక అంటించి, సిరా చుక్క కలిపిన నీళ్ళు గొట్టంలోంచి వదిలేది. గిన్నె నిండి గాలి బుడగ మాయం కాగానే కుళాయి కట్టేసి, మోకాళ్ళ మీద వంగి, కళ్ళు నీటిమట్టానికి సమంగా పెట్టి చదివేది. అన్నయ్యా పెయింటరూ నిలబడి చూస్తున్నారు.

"మూడోది పదమూడూ పాయింట్ నాలుగు" అంది. "పాయింట్ ఆరు తక్కువ."

"మళ్ళీ చూడు" అన్నాను.

"రెండుసార్లు చూశానండీ."

పెయింటరు అందుకున్నాడు. "ఏం తల్లీ, కూరలో ఉప్పు కూడా ఇలాగే వంగి కొలుస్తావా?"

"ఉప్పు తక్కువైతే మీరు అడిగి వేయించుకుంటారు. పిస్టన్ అడగదు కదండీ."

అన్నయ్య పగలబడి నవ్వాడు. "మా తమ్ముడి చేతికి మా మరదలే తనిఖీ అధికారి!"

ఏముంది అందులో? ఏమీ లేదు. ఆమె చెప్పింది నిజం. అయినా నాకు చెంప మీద కొట్టినట్టయింది. ముప్ఫై ఏళ్ళ చెయ్యి నాది. తక్కువ వచ్చిందని నలుగురిలో చెప్పాలా, తర్వాత చెవిలో చెబితే పోయేది కదా అనుకున్నాను. నలుగురు అంటే ఇద్దరే. కోపం వచ్చినవాడికి లెక్కలు రావు.

మర్నాడు పొద్దున మూడో పిస్టన్ని లేత్‌కి బిగించాను. వెంట్రుక మందం కన్నా కాస్త ఎక్కువ తీస్తే చాలు. పనిముట్టుని జరిపే చక్రాన్ని పదిహేను గీతలు ముందుకు తిప్పాలి. చక్రం మీది గీతలు చూశాను కానీ, చక్రం పూర్తిగా ఒక చుట్టు అదనంగా తిరిగిందని చూసుకోలేదు. ఒక చుట్టంటే ఒక మిల్లీమీటరు. పెదవుల మీద దేవుడి పేరు ఉంది. మనసులో "తనిఖీ అధికారి" అన్న మాట ఉంది. పొట్టు సన్నటి దారంలా రావాల్సింది, రిబ్బనులా మందంగా వచ్చింది. అప్పటికి సగం కోత అయిపోయింది. ఆపాను. ఆపి లాభమేముంది? కోసింది అతుక్కోదు. మిగతా సగం కూడా కోశాను.

విప్పి మందం కొలిచాను. అయిదు ఉండాల్సిన చోట నాలుగున్నర కూడా లేదు.

ఇప్పుడు నేను చేయాల్సింది చిన్న పని. నాలుగు మెట్లు ఎక్కి, "అన్నయ్యా, పాడుచేశాను, ఇంకో పిస్టన్ తెప్పించాలి" అనడం. వారం ఆలస్యమయ్యేది. ఆయన నాలుగు తిట్లు తిట్టేవాడు, అన్నం దగ్గర మర్చిపోయేవాడు. ఆ నాలుగు మెట్లూ నేను ఎక్కలేదు. ఒకటి తేలికైతే బరువు తూచేటప్పుడు దొరికిపోతుందని, మిగతా మూడూ ఒక్కొక్కటే బిగించి అదే లోతుకి కోశాను. ఒకడికి జుట్టు ఎక్కువ కత్తిరించి, తేడా కనపడకుండా తోడబుట్టినవాళ్ళందరికీ అలాగే కత్తిరించే మంగలి లాగా. నాలుగూ ముద్దొచ్చేటట్టు కుదిరాయి. నా జీవితంలో అంత సమంగా ఎప్పుడూ కోయలేదు.

కోస్తూ జపం మానలేదు. అదే ఇప్పటికీ నాకు అర్థం కాదు. "స్వామీ, గట్టెక్కించు" అన్నాను. ఏది గట్టో అడగలేదు.

సాయంత్రం అన్నయ్య త్రాసు తెచ్చాడు. నాలుగూ తూచాడు. "నాలుగొందల ఒకటి. నాలుగొందల ఒకటి. ఒరేయ్, నాలుగూ ఒకటే! నీ చేతికి దండ వెయ్యాలి." బరువులు చెబుతుంటే నా భార్య ఆ అట్టముక్క వెనకవైపు రాసింది. ముందు కొలిచిన రోజు బరువులు కూడా ఆ పక్కనే ఆమె రాసిపెట్టినవి ఉన్నాయి. నేను అటు చూడలేదు.

అన్నయ్య లోపలికి వెళ్ళాక ఆమె గ్రీజు డబ్బా మూత తీసింది.

"ఏం చేస్తున్నావు?"

"మూడోది కొలవద్దూ?"

"సరిచేశాను కదా. అక్కర్లేదు."

"కొలవకుండా ఎలాగండీ? ఎంతసేపు, అయిదు నిమిషాలు."

"నిన్న నలుగురిలో కొలిచింది చాల్లేదా? నా మాట మీద నమ్మకం లేదా?"

ఆమె నా ముఖంలోకి చూసింది. పెళ్ళైన ఇరవై రెండేళ్ళలో ఆ మాట నేను ఎప్పుడూ అనలేదు. అనాల్సిన అవసరం రాలేదు. గ్రీజు డబ్బా మూత పెట్టేసింది. పెన్సిలు తీసుకుంది.

"ఏమని రాయను?"

"పద్నాలుగని రాయి."

రాసింది. కొలవకుండా ఆమె రాసిన మొదటి అంకె అది.

మొదటి పోటీ రోజున కారు బద్ధకంగా లాగింది. మలుపు తిరిగి బయటికొచ్చేటప్పుడు నిద్ర లేవనట్టు ఉందన్నాడు అన్నయ్య. ఐదో స్థానం. ఇంటికొచ్చి అట్టముక్క ముందు పెట్టుకుని కూర్చున్నాడు.

"లెక్క ప్రకారం ఇంత నీరసం ఉండకూడదురా. పద్నాలుగు, పద్నాలుగు, పద్నాలుగు, పద్నాలుగు. బాగానే ఉంది మరి." తల గోక్కున్నాడు. "టర్బో ఒత్తిడి ఇంకాస్త పెంచితే? నీ గిన్నెలు ఓర్చుకుంటాయా?"

సూటిగా అడిగాడు. నన్నే అడిగాడు. నా భార్య కంచాలు తీస్తూ ఆగింది.

"దేవుడి దయ" అన్నాను.

ఆ మాట నేను రోజుకు పదిసార్లు అంటాను. ఆరోజు దాని వెనక దాక్కున్నాను.

రెండో పోటీ మూడు వారాల తర్వాత. ఎండ మండిపోతోంది. పదకొండో చుట్టులో అన్నయ్య ముందు ఒక్కటే కారుంది. నా భార్య నా పక్కన ఇనుప కంచె పట్టుకుని నిలబడింది. పన్నెండో చుట్టులో తిన్నటి దారి చివర ఒక నీలం పొగ లేచింది, తర్వాత ఇంజన్ కింద నుంచి మంట. కారు గడ్డిలోకి వెళ్ళి ఆగింది. అన్నయ్య దిగడం చూశాం. దిగి పరిగెత్తకుండా ముందుకెళ్ళి బానెట్ గడియ తీయబోయాడు. ఎవరో వెనక్కి లాగారు. అప్పటికే ఎడమ చెయ్యి నిప్పులో పడింది.

ప్రాణానికి ఏం కాలేదు. ఎడమ చెయ్యి కట్టుతో ఇంటికొచ్చాడు. చిటికెనవేలూ దాని పక్కవేలూ మళ్ళీ ముడుచుకోవని డాక్టరు చెప్పాడు. మిగతా వేళ్ళు కూడా నయమవడానికి వేసవి గడిచిపోతుందన్నాడు. అంటే మిగిలిన రెండు పోటీలూ లేవు.

ఇంజన్ విప్పింది నేనే. అన్నయ్య మెట్ల మీద కూర్చుని కట్టుకట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాడు. మూడో పిస్టన్ బయటికి తీసి చూపించాను. నెత్తి మీద రూపాయి బిళ్ళంత చిల్లు. అంచులు మైనంలా కరిగి కిందికి జారాయి. ఎంత మందం ఉండేదో ఇక ఎవరూ చెప్పలేరు. మిగతా మూడు పిస్టన్లు తీసి, ఎవరూ అడగకముందే, తుక్కు డబ్బాలో వేశాను.

"నొక్కుడు తగ్గలేదు" అన్నాడు అన్నయ్య. "ఆ ఒక్క పిస్టన్ గదిలో చోటు చాలక పేలుడు ముందే వచ్చినట్టుంది. కొలతలో ఏదో తేడా."

పరామర్శకి వచ్చిన పెయింటరు తల ఊపాడు. "వంటింటి కొలత కదా గురూ. చిటికెడు అటూ ఇటూ అవుతుంది."

నా గొంతులోంచి ఒక చిన్న శబ్దం వచ్చింది. నవ్వు లాంటిది. నేనే నవ్వానని అర్థమవడానికి నాకు ఒక క్షణం పట్టింది.

నా భార్య వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. మెట్లు దిగి వచ్చింది.

"మూడోది నేను మళ్ళీ కొలవలేదు బావగారూ" అంది. "కొలవకుండానే పద్నాలుగని రాశాను. తప్పు నాదే."

అంతే చెప్పింది. ఎందుకు కొలవలేదో చెప్పలేదు. అక్కడ వాక్యం ఆపి, కాసేపు చోటు వదిలింది. నా వైపు చూసింది కూడా. నేను గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాను. అవి అప్పటికే శుభ్రంగా ఉన్నాయి.

అన్నయ్య ఒళ్ళోని చేతి కట్టు సర్దుకున్నాడు. తర్వాత, "పోనీలే అమ్మాయ్. మనిషన్నాక జరుగుతుంది" అన్నాడు.

అమ్మాయ్ అన్నాడు. ఆరోజు నుంచి కాంపౌండరమ్మా అన్న పిలుపు మా ఇంట్లో వినపడలేదు. ఆమె గాజుగొట్టం కడిగి, తుడిచి, పాత గుడ్డలో చుట్టి, వంటింట్లో పై అరలో డబ్బాల వెనక పెట్టింది. షెడ్డులోకి దిగడం మానేసింది. ఊళ్ళో కారువాళ్ళు ఏదైనా కొలవమని తెస్తే, "ఇప్పుడు మా ఇంట్లో కొలవడంలేదండీ" అని గుమ్మంలోంచే చెప్పి పంపేది. పెయింటరు మాట వీధంతా తిరిగింది. కూరగాయల కొట్టువాడు కూడా ఒకరోజు నవ్వుతూ, "త్రాసు నేను చూసుకుంటాలెండమ్మా" అన్నాడట. అది ఆమె నాకు చెప్పలేదు. అన్నయ్య చెప్పాడు, బాధపడుతూ.

రోజూ పొద్దున అన్నయ్య చొక్కా బొత్తాలు నేనే పెట్టేవాణ్ణి. ఒంటి చేత్తో పెట్టుకోలేక నా గదికి వచ్చి పిల్లాడిలా గడ్డం పైకెత్తి నిలబడేవాడు. "నీకు శ్రమరా" అనేవాడు. ఏడు బొత్తాలు. ఒక్కో బొత్తం దగ్గరా నోరు తెరుద్దామనుకునేవాణ్ణి. మెడ దగ్గర మొదలుపెట్టి నడుం దాకా వచ్చేసరికి ఆరోజుకి ధైర్యం అయిపోయేది.

పొద్దునా సాయంత్రం నేనూ ఆమే దేవుడి ముందు కూర్చోవడం మాకు మొదటి నుంచీ ఉంది. అది మానలేదు. నేను ఇంకా ఎక్కువసేపు కూర్చునేవాణ్ణి. ఒకరోజు నేను కళ్ళు తెరిచేసరికి ఆమె నన్నే చూస్తోంది.

"ఏం అడుగుతున్నారు రోజూ ఇంతసేపు?"

"అన్నయ్య చెయ్యి బాగుపడాలని."

"అంతేనా?"

"అంతే."

ఆమె లేచి వెళ్ళిపోయింది. నేను మళ్ళీ కళ్ళు మూసుకున్నాను. నిజానికి నేను అడుగుతున్నది ఒక్కటే, బయటపడకూడదని. క్షమించమని అడగాలంటే ముందు తప్పు పేరు చెప్పాలి కదా. దేవుడికి అన్నీ తెలుసు, చెప్పనక్కర్లేదు అనుకునేవాణ్ణి. తెలిసినవాడి ముందు చెప్పడానికే నోరు రాకపోతే తెలియనివాళ్ళ ముందు ఎలా వస్తుంది? అన్నీ తెలిసినవాడు ఆరోజు ఆ చక్రం ఒక చుట్టు ఎక్కువ తిరుగుతుంటే నా చెయ్యి ఎందుకు పట్టుకోలేదని కూడా ఒకసారి అనుకున్నాను. తర్వాత సిగ్గేసింది. ఆ చెయ్యి ఆయన నాకిచ్చింది, చూసుకోమనే కదా.

నాలుగో పోటీ జరిగే ఆదివారం వచ్చింది. గాలి ఇటు తిరిగితే ట్రాక్ మీది మోత మా ఇంటిదాకా వినపడుతుంది. అన్నయ్య షెడ్డు తలుపులు మూసేసి, కారు బయటకి అమ్మేస్తానన్నాడు. "షెడ్డు కాస్త ఖాళీ చేద్దాంరా. తుక్కువాడు వస్తాడు, ఆ డబ్బా ఇచ్చెయ్. ఆ అట్టముక్క కూడా అవతల పడెయ్, చూసినప్పుడల్లా మనసు పాడవుతోంది."

తుక్కు బండి వీధి మొదట్లో గంట కొడుతోంది. నేను డబ్బా రెండు చేతులతో ఎత్తాను. మూడు పిస్టన్లు అడుగున ఒకదానికొకటి తగిలి మోగాయి. ఆ బండి ఎక్కితే కరిగిపోతాయి. ఇక ఈ లోకంలో నా మాట కాదనేది ఏదీ మిగలదు. నేను గేటు వైపు నడిచాను. నడిచానని ఒప్పుకోవాలి.

"ఆగండి."

నా భార్య మెట్ల మీద ఉంది. చేతిలో పాత గుడ్డలో చుట్టిన గొట్టం.

"డబ్బా కింద పెట్టండి. ఒకటి కొలవాల్సింది మిగిలిపోయింది."

"ఇప్పుడెందుకమ్మాయ్?" అన్నాడు అన్నయ్య.

"ఒక్క అయిదు నిమిషాలు బావగారూ."

ఆమె డబ్బాలోంచి ఒక పిస్టన్ తీసింది. మసి తుడిచి, దాని కింద నేను చెక్కిన నంబరు చూసింది. ఒకటో పిస్టన్. మొదటి రోజు ఆమె స్వయంగా కొలిచినది, పద్నాలుగు వచ్చింది, అన్నయ్య కూడా చూశాడు. బల్ల మీద సమంగా నిలబెట్టి, గ్రీజు రాసి, గాజుపలక అంటించింది. సిరా నీళ్ళు గొట్టంలో పోసింది. నేను గేటుకీ బల్లకీ మధ్య నిలబడిపోయాను. తుక్కు బండి మా గేటు దాటి వెళ్ళిపోయింది.

నీలం నీళ్ళు సన్నగా దిగాయి. పన్నెండు. పద్నాలుగు. గిన్నె నిండలేదు. బుడగ ఇంకా ఉంది. పదిహేను, పదహారు. అన్నయ్య బల్ల దగ్గరికి జరిగాడు. బుడగ చిన్నదై, చిన్నదై, మాయమైంది. ఆమె కుళాయి కట్టేసింది. వంగి చదవలేదు. పక్కకు జరిగింది.

"నా కొలత మీద ఎవరికీ నమ్మకం లేదుగా. మీరు చదవండి" అంది నాతో.

మోకాళ్ళ మీద వంగాను. కళ్ళు నీటిమట్టానికి సమంగా పెట్టాను. గొట్టం అవతల అన్నయ్య కట్టు విప్పిన చెయ్యి కనిపిస్తోంది, రెండు వేళ్ళు కర్రల్లా నిలబడి.

"పద్దెనిమిది" అన్నాను.

"ఎంత?"

"పద్దెనిమిది, అన్నయ్యా. నాలుగూ పద్దెనిమిదే. మూడోది ఒక చుట్టు ఎక్కువ కోశాను. తెలియకూడదని మిగతావి కూడా కోశాను. అడుగున నాలుగున్నర కూడా లేదు. కొలుస్తానంటే నేనే వద్దన్నాను. రాయమన్నది నేనే."

ఒక్కసారి మొదలైతే ఎంత చిన్న మాటలో! బొత్తాలు పెట్టినంతసేపు కూడా పట్టలేదు.

అన్నయ్య స్టూలు లాక్కుని కూర్చున్నాడు. తనలో తాను లెక్క వేసుకున్నాడు. "చోటు ఎక్కువైంది. అందుకే బద్ధకంగా లాగింది. అందుకే నేను ఒత్తిడి పెంచాను." ఆగాడు. "పెంచేముందు నిన్ను అడిగాను."

"అడిగావు."

"దేవుడి దయ అన్నావు."

"అన్నాను."

ఆయన నా వైపు నుంచి ముఖం తిప్పుకున్నాడు. తిట్టినా బాగుండేది. దూరంగా ట్రాక్ మీద కార్లు ఒక మలుపు తిరిగి మోత పెంచాయి.

"నీకెప్పుడు తెలిసింది?" అని ఆమెనడిగాను. ఆమె అట్టముక్క తిప్పి బల్ల మీద పెట్టింది. వెనకవైపు రెండు వరసల బరువులు. మొదటి రోజువి, తర్వాతవి. మూడోది ఒక్కటే తగ్గాలి, అదీ గ్రామున్నర. నాలుగూ పదకొండేసి గ్రాములకు తక్కువ కాకుండా తగ్గాయి.

"రాసిన రోజు చూడలేదు. మీ మాట విన్నాక చూడాలనిపించలేదు" అంది. "బావగారు ఆసుపత్రిలో ఉన్నప్పుడు చూశాను. మీరే చెబుతారనుకున్నాను."

పెన్సిలు తీసుకుంది. పద్నాలుగుల మీద అడ్డంగా గీత గీసింది, ఒకదాని తర్వాత ఒకటి. మూడోదాని దగ్గర కాస్త ఆగి, అదీ కొట్టేసింది.

"ఏమని రాయను?"

నేను నోరు తెరవబోయాను. అన్నయ్య ముందే అన్నాడు.

"ఉన్నది రాయి, కాంపౌండరమ్మా."

మిగతా రెండూ కూడా కొలిచి ఆమె రాసింది. మూడో దాని ఎదురుగా మాత్రం ఏమీ రాయలేదు. అది కొలవడానికి ఇక లేదు కదా.

మర్నాడు పొద్దున అన్నయ్య బొత్తాలు పెట్టించుకోవడానికి నా గదికి రాలేదు. తనే పెట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. ఒక బొత్తం తప్పి చొక్కా ఒకవైపు పైకి, ఒకవైపు కిందికి ఉంది. నేను లేవబోతే వద్దని చెయ్యి చూపించాడు. చలికాలం సగం గడిచేదాకా ఆయన వంకర చొక్కాతోనే తిరిగాడు. నేను పెయింటరు దగ్గరికి వెళ్ళి జరిగిందంతా చెప్పాను. ఆయన పిచికారీ తుపాకి దించి చాలాసేపు విన్నాడు. "నేనూ నోరు పారేసుకున్నాను" అన్నాడు. తర్వాత, "టీ తాగుతావా?" అన్నాడు. కూరగాయల కొట్టుకి కూడా వెళ్ళాను. అక్కడ జనం ఉన్నారు. జనం ఉండగానే చెప్పాను. అది పశ్చాత్తాపమో, నలుగురిలో పోయిన పరువు నలుగురిలోనే తిరిగివ్వాలన్న లెక్కో నాకు తెలియదు.

అన్నయ్య కారు అమ్మలేదు. వచ్చే వేసవికి వేరెవరో నడుపుతారు. కొత్త పిస్టన్లు వచ్చాయి. నేను కోస్తున్నాను, ఆమె కొలుస్తోంది. ఇప్పుడు నేను కోసేటప్పుడు జపం చేయడంలేదు. గీతలు చూస్తాను, చుట్లు లెక్కపెడతాను. దేవుడి ముందు కూర్చున్నప్పుడు దేవుడి పేరు తలుచుకుంటాను. రెండూ ఒకేసారి చేయగలిగేంత గొప్పవాణ్ణి కానని తెలిసింది.

ఇంట్లో అంతా మునుపటిలాగే ఉంది. ఆమె నాతో నవ్వుతుంది, జోకులేస్తుంది, నా కంచంలో ముందు వడ్డిస్తుంది. ఒక్కటే మారింది. ఎక్కడికైనా బయలుదేరినప్పుడు నేను వీధి తలుపుకి తాళం వేసి, "వేశాను, పద" అంటాను. ఆమె నాలుగడుగులు నడిచినదల్లా వెనక్కి వచ్చి తాళం ఒకసారి లాగి చూస్తుంది. కోపంతో కాదు. చూసి చెంగుకి చెయ్యి తుడుచుకుని నా పక్కన నడుస్తుంది.

మొదట్లో నేను తల దించుకునేవాణ్ణి. ఇప్పుడు తాళం వేశాక, వేశాననడం మానేశాను. తాళంచెవి ఆమె చేతికిచ్చి గేటు దగ్గర నిలబడతాను, ఆమె లాగి చూసేదాకా.